శిరస్త్రాణమును శరణాగతియును

శ్రీమన్నారాయణుడే సర్వరక్షకుడని నమ్మిన భక్తునకు ఆత్మరక్షణ ప్రయత్నము కూడునా, కూడదా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నదిని దాటుటకు ఓడ నెక్కుట, జ్వరము వచ్చినపుడు ఔషధము సేవించుట మొదలగు విషయములలో మన పెద్దలు దీనిని విచారించియే యున్నారు. మన కాలమున ఆ ప్రశ్న మోటారు సైకిలు రూపమున వాకిట నిలిచినది. కర్నూలు, కడప సీమలలో దైవదర్శనమునకు పోవు వైష్ణవ కుటుంబములవారు నేడు అనేకులు ఈ వాహనముమీదనే ప్రయాణము చేయుచున్నారు. వారు పోవు దారులలో అడవి దారులు పెక్కు. ఆ దారుల కడ్డముగా జింకలును దుప్పులును దూకుట, బండి పడుట, తలకు దెబ్బ తగులుట అప్పుడప్పుడు వినుచున్నాము. అట్టియెడ శిరస్త్రాణము, అనగా లోకులు హెల్మెట్ అని పిలుచునది, ధరించుట దైవముపై అపనమ్మక మగునా? అడ్డము వచ్చిన మృగము మరణించినచో ఆ దోష మెవ్వరిది? ఈ రెండు ప్రశ్నలను శాస్త్రదృష్టితో విచారింతము.

మొదట దేశస్థితిని చూతము. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగి అహోబిల దివ్యక్షేత్రము నంద్యాల జిల్లాలో చేరినను, మన వాడుకలో అది కర్నూలు సీమదే. ఎగువ అహోబిలమునకు పోవు దారి, నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు దారి, ఆత్మకూరునుండి దోర్నాల మీదుగా శ్రీశైలమునకు పోవు దారి, ఇవి యన్నియు నల్లమల అడవిలో పోవునవే. కడప సీమలో గువ్వలచెరువు కనుమ పాలకొండల నెక్కి రాయచోటి వైపునకు దిగును. బద్వేలు పోవువారికి లంకమల చేరువ. ఒంటిమిట్ట కోదండరాముని, తాళ్లపాకను సేవించుకొని తిరుపతికి పోవువారికి కోడూరు దాటిన పిదప బాలపల్లె, మామండూరుల కడ శేషాచలపు అడవి ఎదురగును. దేవుని కడప తిరుమలకు తొలి గడప యని పెద్దలందురు. ఆ గడపనుండి ఆ కొండవరకు గల దారిలో మృగములు తిరుగు చోట్లు పెక్కులు.

అడవియందే కాదు, మెట్టనేలలందును జింక కలదు. నందికొట్కూరు, మిడుతూరు ప్రాంతములకు చేరిన రోళ్లపాడులో బట్టమేక పక్షి రక్షణకై 1988లో అభయారణ్యము నేర్పరచిరి. ఆ గడ్డిబీళ్లలో కృష్ణజింకలును పెరిగినవి. కాలువ నీరు వచ్చి బీళ్లు చేలుగా మారిన పిదప అవి పొలములమీద పడి మేయుచున్నవి, మేతకును నీటికిని రోడ్లు దాటుచున్నవి. కృష్ణమృగము స్వేచ్ఛగా సంచరించు దేశమే యజ్ఞయోగ్యమని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. దాని చర్మమునకు ఉపనయనమునందు గల స్థానము మన మెరుగుదుము. నేడు అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని మొదటి షెడ్యూలులో నుంచి కాపాడుచున్నది. మన సీమకు ఇది యొక గౌరవము. ఆ గౌరవముతోపాటు జాగ్రత్తయు మనకు విధి యగును.

ఈ మృగముల స్వభావమును తెలిసికొనుట అవసరము. ఎండలు ముదిరి కుంటలు ఎండినపుడు అవి నీటిని వెదకుకొనుచు ఊళ్ల చెరువులవరకును వచ్చును. సంధ్యాకాలమునను, తెల్లవారుజామునను వాటి సంచారము మెండు. మందగా తిరుగును గనుక ఒకటి దాటినచో వెనుక మరి రెండో మూడో దాటుటకు సిద్ధముగా నుండును. బండి దీపము కంటబడినచో చూపు చెదరి నడిరోడ్డుపై నిలిచిపోవును, లేదా దిక్కు తెలియక దీపముమీదికే దూకును. కృష్ణజింక ప్రాణభయమున పరుగిడునపుడు గంటకు 80 కిలోమీటర్ల వేగము నందుకొనగలదు. పెరిగిన సాంబరు దుప్పిపోతు 200 కిలోలకు పైబడి తూగును. అట్టిదానిని రెండు చక్రముల బండి తాకినచో బండిమీదివాని గతి యేమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

శ్రీమద్భాగవతము పంచమ స్కంధమున భరతుని కథ యందరును ఎరిగినదే. నిండుచూలాలైన లేడి యొకటి ఏటి యొడ్డున నీరు త్రాగుచుండగా సింహగర్జనము వినబడెను. అది యేమియు విచారింపక ఏటిమీదుగా దూకెను. గర్భము జారి నీటిలో పడెను. తల్లి ప్రాణము విడిచెను. ఆ పిల్లను పెంచిన భరతుని మమకారమును గూర్చియే మనము సాధారణముగా చెప్పుకొందుము. నే నిచ్చట ఆ తల్లిలేడిని జ్ఞాపకము చేయుచున్నాను. భయపడిన లేడి ఎటు దూకవలయునో ఎంచుకొనదు, దూకును. మన బండి మ్రోతయు, కొమ్ము మ్రోతయు, దీపపు వెలుగును దానికి సింహగర్జనములే. కనుక అడ్డము వచ్చినది జింక యనుట సగము సత్యము. దాని త్రోవలోనికి గర్జించుచు వచ్చినది మనము.

ఇక మొదటి ప్రశ్న. కొన్ని యేండ్ల క్రిందట ఆళ్లగడ్డ సీమలోని యొక గ్రామమున ఒక యింటికి పరామర్శకు పోవలసివచ్చినది. ఇరువది నాలుగేండ్ల కుమారుడు స్వాతీనక్షత్రమునాడు నృసింహదర్శనము చేసికొని, చీకటిపడిన పిదప తిరిగి వచ్చుచుండగా దుప్పి అడ్డముగా దూకినది. తలకు రక్షణ లేదు. తండ్రి నన్ను చూచి, “సామీ, మావాడు కొండకే పోయొచ్చినాడు గదా. ఆ సామి ఎందుకు కాపాడలేదు?” అని యడిగెను. ఆ సమయమున శాస్త్రము చెప్పుట ధర్మము కాదు. ఆయన చేయి పట్టుకొని కూర్చుంటిని. కాని ఆ ప్రశ్న నిజమైన ప్రశ్న. ఇంకను బండి యెక్కి కొండకు పోవువారి కొరకైనను దానికి సమాధానము వెదకవలయును.

శరణాగతికి ఆరు అంగములు గలవని మన పెద్దలు చెప్పుదురు. ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము, మహావిశ్వాసము, గోప్తృత్వ వరణము, కార్పణ్యము, ఆత్మనిక్షేపము. శిరస్త్రాణ మెందులకు అనువారు మూడవదానిని మాత్రమే పట్టుకొని వాదింతురు. స్వామి రక్షించునను విశ్వాస ముండగా ఈ డిప్ప యేల యందురు. వారు ఆరవదానిని మరచుచున్నారు. నిక్షేపమనగా ఒకరి సొత్తును వారి పేర అప్పగించుట. ఆత్మను భగవంతునకు అప్పగించిన నాటినుండి, ఆత్మతోపాటు ఈ శరీరమును మనది కాదు. అది స్వామి సొత్తు, ఆయన కైంకర్యమునకై మనచేత నుంచబడిన పనిముట్టు. పొరుగువారు దాచుమని యిచ్చిన బంగారమును వీధి యరుగుమీద పెట్టి, “దేవుడే కాపాడును” అని నిద్రించువానిని లోకము భక్తుడనునా? అజాగ్రత్తపరుడనును, ఇంకను కఠినముగా ద్రోహి యనును. తన సొత్తునందు అజాగ్రత్త చూపినవాడు తానే నష్టపడును. స్వామి సొత్తునందు చూపినచో అది అపచారము. రెండవ అంగమగు ప్రాతికూల్య వర్జనమును ఇచ్చటనే వచ్చి చేరుచున్నది.

దీనికి మరియొక ఆక్షేపణ కలదు. పిల్లి తన కూనను నోట కరచి తీసికొనిపోవునపుడు కూన ఏ ప్రయత్నమును చేయదు గదా, ఆ మార్జాలకిశోర న్యాయము మాట యేమి యని యడుగవచ్చును. ఆ న్యాయమును చెప్పినవారును, కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకొనునను మర్కటకిశోర న్యాయమును చెప్పినవారును మోక్షోపాయమును గూర్చి చర్చించిరి; దేహయాత్రను గూర్చి కాదు. కూన ప్రయత్నము చేయదని బోధించిన ఆచార్యులును ఆకలియైనపుడు ప్రసాదము స్వీకరించిరి, ఏరు పొంగినపుడు ఓడకై వేచియుండిరి. పరమపదమును మన శక్తిచే సంపాదింపలేమనుట ఒక మాట. తలకు పట్టీ బిగించుకొనలేమనుట వేరొక మాట. మొదటిది వినయము, రెండవది సోమరితనము. వినయపు మాటలను సోమరితనమునకు తొడుగుట మన సంప్రదాయమునకు కీర్తి తెచ్చునది కాదు.

మహాభారతమున భీష్మపర్వారంభమున ధర్మరాజు చేసిన పనిని చూడుడు. ఇరుసేనలును ఎదురెదురుగా నిలిచియుండగా ఆయన రథము దిగి, ఆయుధములుంచి, కవచము విప్పి, పాదచారియై భీష్మద్రోణాదుల కడకు పోయి నమస్కరించి అనుజ్ఞ వేడెను. పెద్దల యెదుట కవచము లేదు. తిరిగి వచ్చి యుద్ధమునకు నిలుచునపుడు మరల కవచము ధరించెను. శ్రీకృష్ణుడు తమ పక్షమున నున్నాడను సంగతి ఆయన ఎరుగనిది కాదు. ఆ సంగతి ఎరిగియే కవచము ధరించెను. నమస్కరించుచోట విప్పుట, అపాయముగల చోట ధరించుట, రెండును ధర్మమే. కోవెల ముంగిట శిరస్త్రాణము తీసి చేతులు జోడింపుడు. బండి యెక్కునపుడు మరల తలకెత్తుకొనుడు. ధర్మరాజుకంటె మన భక్తి యధికమని ఎవ్వరును అనుకొనరు గదా.

గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మకును అయిదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, అయిదవది దైవము. దైవమును ఒప్పుకొనిన గీతయే దానిని అయిదవదిగా లెక్కించినది. మొదటి నాలుగింటిని కొట్టివేయలేదు. బండి ప్రయాణమునందు దేహము అధిష్ఠానము, నడుపువాడు కర్త, కన్నులు, చేతులు, వాటికి తోడుగా బ్రేకు, దీపము, శిరస్త్రాణము కరణములు, వేగము పెంచుట, తగ్గించుట చేష్టలు. ఈ నాలుగును మన వంతు. ఇవి సక్రమముగా నున్నను అపాయము కలుగవచ్చును. అప్పుడు అది దైవము వంతనుటకు మనకు హక్కుండును. నాలుగింటిని విడిచి అయిదవదానిని నిందించుట న్యాయము కాదు.

ఈ శిరస్త్రాణము పనిచేయు తీరు మన కుమ్మరులకు తెలిసినదే. కుండలను బండిలో పంపునపుడు నడుమ గడ్డి పరచుదురు. దెబ్బ తగిలినపుడు గడ్డి నలుగును, కుండ నిలుచును. ఇచ్చట పైనున్న గట్టి చిప్ప దెబ్బను ఒక్కచోట గ్రుచ్చుకొననీయక అంతటికిని పంచును. లోని థర్మోకోలు పొర నలిగి ఆ వేగమును తాను మ్రింగును. కనుకనే ఒకమారు పెద్దదెబ్బ తిన్నదానిని మరల వాడరాదు. గడ్డము క్రింద పట్టీ బిగింపనిదియు, తలకు సరిపడనిదియు పడునపుడు తలకంటె ముందే ఎగిరిపోవును. తలనీలాలు సమర్పించి వచ్చువారు ఈ సంగతి గమనింపవలయును. గుండుమీద పాత హెల్మెట్ వదులగును, పట్టీ మరల సరిచేసికొనవలయును. అనేక దేశముల అధ్యయనములను 2008లో కూర్చి పరిశీలించిన వైద్యులు, ఇది మరణాపాయమును 42 శాతమును, తలగాయముల అపాయమును 69 శాతమును తగ్గించునని తేల్చిరి. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. అందులో హెల్మెట్ లేక మరణించిన ద్విచక్ర వాహనములవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఈ చివరి సంఖ్య గృహస్థులు తలపోయవలసినది. తాను ధరించి, వెనుక కూర్చున్న ఇల్లాలికి లేకుండ బయలుదేరువాడు సహధర్మచారిణి యను మాటకు అర్థము తెలిసినవాడు కాడు. చట్టమును ఇరువురకును ఒకటే విధించినది.

ఉక్కపోయుననియు, ఎండకు తల మాడుననియు కొందరందురు. మన సీమ ఎండ నేనెరుగుదును. దానికి లోపల పలుచని నూలుగుడ్డ చుట్టుకొనుట ఉపాయము. నొసటి తిరునామము చెరుగునని మరికొందరందురు. తిరుమణి పెట్టె సంచిలో నుంచుకొని, క్షేత్రము చేరి కాలుసేతులు కడిగికొని మరల దిద్దుకొనవచ్చును. నామము చెరిగినచో తిరిగి దిద్దుకొందుము. నొసలే చెదరినచో దిద్దువారెవ్వరు?

అయితే కవచము ధరించినవానికి కలుగు ఒక దోషమును గూడ భారతమే చూపుచున్నది. ద్రోణపర్వమున ద్రోణుడు దుర్యోధనునకు అభేద్యమైన కవచమును మంత్రపూర్వకముగా కట్టెను. దానిని నమ్ముకొని దుర్యోధనుడు అర్జునుని మీదికే పోయెను. అర్జునుడు కవచము కప్పని అరచేతులను కొట్టి వానిని వెనుకకు మరల్చెను. ఇందు రెండు పాఠములు గలవు. రక్షణ ఉన్నదని దుస్సాహసమునకు దిగరాదనునది మొదటిది. హెల్మెట్ ఉన్నదని వేగము పెంచువాడు దుర్యోధనుని శిష్యుడు. రెండవది, కప్పని చోటునే దెబ్బ తగులును. బండిమీదినుండి పడువాడు మొదట అరచేతులనే నేలకు మోపును. పిదప మోచేతులు, మోకాళ్లు. కనుక చేతితొడుగులు, ముతక కోటు, పాదములను కప్పు చెప్పులు వేడుకకు కావు. పంచె చెరగు, ఉత్తరీయము, చీరకొంగు చక్రములో చిక్కకుండ బిగించుకొనుటయు ఇందులో చేరినదే.

ఇక రెండవ ప్రశ్న. ఇంతవరకు చెప్పినదంతయు మనలను కాపాడునది. శిరస్త్రాణము జింకను కాపాడదు. చేతనాచేతనములన్నియు భగవంతునకు శరీరమని బోధించిన శ్రీరామానుజుల వారి మార్గమున నున్నవారు ఇచ్చటితో ఆగుటకు వీలులేదు. జింకను చంపవలెనని ఎవ్వరును బండి నడుపరు. ఉద్దేశము లేనిచోట దోషమెట్లు వచ్చునని యడుగవచ్చును. దీనికి శ్రీమద్రామాయణమే సమాధానము. దశరథుడు యౌవనమున సరయూతీరమున చీకటిలో నీటిచప్పుడు విని, ఏనుగనుకొని శబ్దమునుబట్టి బాణము విడిచెను. కూలినవాడు తల్లిదండ్రులకు నీరు ముంచుచున్న మునికుమారుడు. దశరథునకు ఆ బాలుని చంపు ఉద్దేశము లేశమును లేదు. ఐనను ఫలము తప్పలేదు. పుత్రవియోగమున ప్రాణము విడుచువరకును ఆ కర్మ ఆయనను వెంబడించెను. ఆయన దోషము ద్వేషము కాదు. కన్ను చేరని చోటికి బాణమును చేర్చుట.

రాత్రివేళ బండి నడుపువానికి ఇది సరిగా అన్వయించును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు, అనగా సెకనుకు, దాదాపు 17 మీటర్లు పోవును. కంటబడినది దుప్పి యని గ్రహించి బ్రేకు పట్టులోపల ఒక సెకను గడచును. పిదప ఆగుటకు మరి యిరువది మీటర్లకు పైగా పట్టును. మంచి రోడ్డు, మంచి చక్రములున్నను మొత్తము 40 మీటర్లు. కిందికి వంచిన దీపము స్పష్టముగా చూపునది ఇంచుమించుగా అంత మేరకే, కనుమ మలుపులలో అంతకన్న తక్కువ. 40 కిలోమీటర్ల వేగమున పోయినచో దాదాపు 20 మీటర్లలో బండి నిలుచును. ఈ సగము దూరమే ఒక ప్రాణము, ఒక్కొక్కయెడ రెండు ప్రాణములు. దీపము చూపినంత దూరములో ఆపగల వేగము ధర్మము. దానిని మించినది శబ్దవేధి బాణము.

అహోబిల క్షేత్రమువారికి దీనిని మరియొక రీతిగా చెప్పవచ్చును. నృసింహస్వామి చెంచులక్ష్మిని పరిణయమాడెనని మన సీమ నమ్మకము. సంక్రాంతి దినములలో మొదలై నెలకు పైగా స్వామి పల్లకిలో పారువేటకు వెడలి ఊరూర పూజలందుకొనును. ఆ వేటలో మృగము చావదు, జనులు తరింతురు. నల్లమల అమ్మవారి పుట్టినిల్లు. అల్లుని దర్శనమునకు పోవుచు అత్తవారింటి వాకిట తిరుగాడు జీవములను త్రొక్కుకొని పోవుట మర్యాదయా? శ్రీశైలము పోవు అడవి దారులలో రాత్రివేళ చెక్‌పోస్టులవద్ద వాహనములను నిలుపుట మృగములకు ఆ కొంతకాలమైనను వాటి యిల్లు వాటికి విడిచిపెట్టుటకే. అచ్చట విసుగుకొనక, వాదింపక నిలుచుటయు ఆ యాత్రలో భాగమే యనుకొనవలయును.

యాత్రికులు పాటింపదగినవి కొన్ని చెప్పి ముగింతును. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణము రాత్రి వెన్నెలలో జరుగును. అట్టి ఉత్సవములకు పోయినవారు ఆ రాత్రి క్షేత్రముననే నిద్రచేసి ప్రొద్దెక్కిన పిదప మరలుట మేలు. ప్రసాదము కట్టుకొని చీకటిలో పరుగెత్తుటకంటె క్షేత్రవాసము పుణ్యము. అడవిలో మృగము కనబడినచో కొమ్ము మ్రోగింపక వేగము తగ్గింపుడు. తప్పించుకొనుటకై బండిని పక్కకు విసరుగా త్రిప్పక తిన్నగా బ్రేకు పట్టుడు. త్రిప్పుటచే లోయలోనికో, ఎదురు లారీమీదికో పోవుట సంభవించును. ఒక జింక దాటినచో రెండవదానికై ఆగుడు. గాయపడినది కనబడినచో అటవీశాఖవారికి తెలుపుడు. చచ్చినదానిని ముట్టరాదు, ఎత్తుకొనిపోరాదు, అది చట్టవిరుద్ధము, ధర్మవిరుద్ధమును.

ఒక్క మాట. ఇట్టి మరణము జరిగిన యింటికి పోయి, “హెల్మెట్ పెట్టుకొనియుండిన బ్రతికెడివాడు” అనుట సత్యమే కావచ్చును. కాని కాలము తప్పిన సత్యము కత్తివంటిది. ఆ మాట బ్రతికియున్నవానితో, వాడు బండి తాళముచెవి చేతబట్టుకొనిన వేళ, వాకిట నిలిచి చెప్పవలసినది. తల్లి చెప్పవచ్చును, భార్య చెప్పవచ్చును, చిన్నబిడ్డయు చెప్పవచ్చును. స్వామి రక్షించునది పెక్కుమారులు అట్టి నోటిమాట ద్వారముననే. ఆ తండ్రి ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును ఇంతే. స్వామి రక్షణము కొండమీదినుండి హఠాత్తుగా దిగివచ్చునది మాత్రమే కాదు; మనకిచ్చిన బుద్ధియై, చేతికందు సాధనమై, ఇంటివారి హెచ్చరికయై అది ముందే వచ్చి నిలిచియుండును. దానిని తలకెత్తుకొనుటయే విశ్వాసము.

ప్రహ్లాదవరదుడైన శ్రీలక్ష్మీనృసింహుడు తన దర్శనమునకు వచ్చు బిడ్డలను, వారి దారిలో తిరుగాడు మూగజీవములను సమముగా కాపాడి, ఎవ్వరి యిల్లు వారిని సుఖముగా చేర్చుగాక.